తెల్లదారం జాయింటు

మిరపకాయ మేస్త్రికి కోపం రావడానికి కారణం అక్కర్లేదని ఆ వీధిలో అందరికీ తెలుసు. కారణం కూడా దొరికిన రోజున మాత్రం పక్కనున్న పంక్చర్ల షాపాయన రేడియో కట్టేసి మరీ వింటాడు. పాత డీజిల్ బండ్లకు వైరింగు, ఏసీ పనులు చేసే ఆ షెడ్డుకు బోర్డంటూ ఏమీ లేదు. మేస్త్రి కేకలు వినిపించే వైపు నడిస్తే చాలు, షెడ్డు దానంతటదే వచ్చేస్తుంది.

అన్ని తిట్లు తింటూ కూడా బండ్లు ఆయన దగ్గరికే వస్తాయి. దానికి కారణం ఆయన పెట్టుకున్న నియమాలు. వైరుతో వైరును అతికినప్పుడు, టేపు చుట్టేముందు మైనం రుద్దిన తెల్లదారం ఏడు చుట్లు బిగించి ముడేస్తాడు. "టేపు ప్రతి వెధవా చుడతాడయ్యా. దారం నా సంతకం. ఎప్పుడైనా చెడితే టేపు విప్పి చూడు. లోపల తెల్లదారం కనపడిందా, వచ్చి నా మెడ పట్టుకో" అని చెప్పి మరీ తాళాలు అప్పగిస్తాడు. ముప్పై ఏళ్లలో ఆ మెడ మీద ఎవరి చెయ్యీ పడలేదు. తాను చేసిన పనిని ఇంకొకరు పరీక్షించకూడదన్నది మరో నియమం. ఒకసారి ఓ డ్రైవరు ముచ్చటపడి తన మీటరు తీసి వైర్లకు ఆనించబోతే, ఆ మీటరూ ఆ డ్రైవరూ ఒకేసారి రోడ్డు మీద పడ్డారు.

ఆ శనివారం పొద్దున పదిగంటలకు షెడ్డు ముందు ఒక పాత డీజిల్ వ్యాను ఆగింది. ఇంజను చప్పుడు వినగానే అది ఎవరి బండో మేస్త్రికి తెలిసిపోయింది, కానీ తలెత్తలేదు. డ్రైవరు సీట్లోంచి చెల్లెలు దిగి తలుపు గట్టిగా వేసింది. ఆ తలుపు వేసిన తీరులోనే రెండేళ్ల సంగతంతా ఉంది.

"పనుంది. చేస్తావా, చెయ్యవా? చెయ్యనంటే ఇప్పుడే చెప్పు, ఎండ ముదరకముందే వెళ్లిపోతాం" అంది. అన్నయ్యా అని పిలవలేదు. ఆ మాట కోసం మేస్త్రి ఒక్క క్షణం ఎదురుచూశాడు, అది రాకపోయేసరికి ఒళ్లు మండింది.

"చెయ్యడానికే షెడ్డు పెట్టుకున్నా. ఈగలు తోలుకోడానికి కాదు."

పక్క సీట్లోంచి చెల్లెలి మొగుడు దిగాడు. దర్జీ. బడి పిల్లల యూనిఫారాలు కుడతాడు, చెల్లెలు ఆ వ్యానులో వాటిని చేరవేస్తుంది. మాట్లాడితే దారం ఖర్చవుతుందన్నట్టు ఉంటాడు. వెనక సీట్లో మేనకోడలు, పదేళ్ల పిల్ల, మెడ చుట్టూ తడిగుడ్డ, చేతిలో నీళ్లు చిమ్మే సీసా. ఆ పిల్లకు పుట్టుకతోనే చెమట పట్టదు. ఎండలో మనందరికీ చెమట పోసి ఒళ్లు చల్లబడుతుంది. ఆమెకు వేడి లోపలే ఉండిపోయి జ్వరమవుతుంది. బడి ఊరికి ఆ చివర, రానూపోనూ గంటన్నర ప్రయాణం. బండిలో ఏసీ ఆ పిల్లకు సుఖం కోసం కాదు, ప్రాణం నిలవడం కోసం.

రెండేళ్ల కిందట చెల్లెలింట్లో చుట్టాలందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు, పిల్ల కోసం వ్యాను వెనక భాగంలో తానే ఒక ఫ్యాను బిగించానని దర్జీ సంబరంగా చెప్పాడు. అతను సంబరంగా ఏదైనా చెప్పడమే అరుదు. మేస్త్రికి పుండు మీద కారం చల్లినట్టయింది. "లాగులు కుట్టుకునేవాడికి కరెంటు పని ఎందుకయ్యా? కందకు లేని దురద కత్తిపీటకా? ఇతగాడి చేతికి స్క్రూడ్రైవరిస్తే కొంప తగలబెడతాడు!" అన్నాడు, పదిహేనుమంది ఎదుట. దర్జీ చేతిలోని ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచిపోయాడు. క్షమాపణ చెప్పమంది చెల్లెలు. చెప్పేది లేదు, ఆ బండితో నా గుమ్మం తొక్కొద్దన్నాడు మేస్త్రి. తొక్కను పొమ్మంది ఆమె. అన్నమాట మీద నిలబడడంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

"ఏమిటి రోగం?" అన్నాడు మేస్త్రి, బానెట్ ఎత్తుతూ.

"ఈ ఎండాకాలం నుంచి మొదలైంది. ఎక్కగానే చల్లగానే ఉంటుంది. ఇరవై నిమిషాలయ్యాక లైట్లు మసకబారతాయి. తర్వాత టక్‌మని చప్పుడొస్తుంది, అంతే, వేడిగాలి. కాసేపు ఆపి ఉంచితే మళ్లీ చల్లన. నలుగురికి చూపించాం. ఒకడు గ్యాస్ పట్టాడు. ఒకడు కంప్రెసర్ మార్చాడు. ఇంకొకడు మళ్లీ గ్యాస్ పట్టాడు. నాలుగోవాడు ముందున్న ఫ్యాను మార్చాడు. అందరూ నీడలో పది నిమిషాలు నడిపి, బాగుందమ్మా తీసుకెళ్లండి అన్నారు."

"పది నిమిషాలు! ఇరవై నిమిషాలకు వచ్చే రోగాన్ని పది నిమిషాలు చూస్తారా, అడ్డగాడిదలు!"

"మంగళవారం ట్రాఫిక్‌లో ఆగిపోయాం." చెల్లెలి గొంతు ఇక్కడ కొంచెం తగ్గింది. "టక్‌మంది. అద్దాలు దించితే బయట ఇంకా వేడి. దాని ఒళ్లు పెనంలా కాలిపోయింది. కళ్లు తేలేసింది. రోడ్డు పక్కన ఐసు అమ్మే ఆయన ఎవరో పరుగెత్తుకొచ్చి, గోనెపట్టా పరిచి, ఐసు ముక్కల మధ్య పడుకోబెట్టాడు. ఆయన లేకపోతే..." వెనక సీటు వైపు చూసింది. "ఈ సాయంత్రానికి తేలాలి. తేలకపోతే సోమవారం వెళ్లి టీసీ తెచ్చేస్తా. బడీ వద్దు, గిడీ వద్దు. ఇంట్లోనే చదువుకుంటుంది."

"చదువుకోను" అంది బండిలోంచి పిల్ల. "ఇంట్లో పెడితే పుస్తకం ముట్టుకోను. అన్నం కూడా తినను."

మేనమామ పోలికే అని మేస్త్రి మనసులో అనుకుని, పిల్లను షెడ్డు వెనక గదిలో ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ముందు ఒక బకెట్ నీళ్లు పెట్టాడు. ఆ గదికి తలుపు లేదు కాబట్టి మేస్త్రి మాటలన్నీ అక్కడికి వినిపిస్తాయి. పిల్ల నోట్‌బుక్ తీసి, మేస్త్రి తిట్టిన ప్రతి తిట్టుకీ ఒక గీత గియ్యడం మొదలుపెట్టింది.

మేస్త్రి నేరుగా వెనక ఫ్యాను దగ్గరికి వెళ్లాడు. దొంగ ఎవరో ముందే తేల్చుకున్నాక వెతుకులాట ఎందుకు? సీటు కింద రేకు ఊడదీసి, దర్జీ చేసిన వైరింగు బయటికి లాగాడు. వైర్లకు గుడ్డతొడుగు కుట్టి ఉంది, నిక్కరు కుట్టినంత శ్రద్ధగా, డబుల్ కుట్టుతో. "వైర్లకు లాగు తొడిగాడు!" అని అరిచాడు. కానీ తొడుగు విప్పి చూస్తే లోపల వైరు లావుపాటిది. విడిగా ఫ్యూజు ఉంది. రిలే ఉంది. ఎక్కడా గీరుకుపోకుండా రేకు అంచులకు రబ్బరు పెట్టాడు. మేస్త్రి అరగంట సేపు కోడిగుడ్డు మీద ఈకలు పీకాడు. ఒక్క తప్పు దొరకలేదు. తప్పు దొరికితే కోపం తగ్గేది, దొరకనందుకు రెట్టింపయింది.

"ఎవరు నేర్పారు దర్జీగారూ ఈ పని?"

"చూసి నేర్చుకున్నా" అన్నాడు దర్జీ. ఎవర్ని చూసో చెప్పలేదు.

అప్పుడు మేస్త్రి అసలు పని మొదలుపెట్టాడు. బండిని నడి ఎండలోకి తోలి, అద్దాలన్నీ మూసి, చల్లగాలి వచ్చే కంత దగ్గర థర్మామీటరు పెట్టి, ఏసీ, రెండు ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేసి, ఇంజను నడుస్తుండగా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తొమ్మిది డిగ్రీల చల్లగాలి. కంప్రెసర్ బాగుంది, గ్యాస్ బాగుంది. "నలుగురు మెకానిక్కులు కలిసి ఆరోగ్యంగా ఉన్నవాటినే మార్చారు" అని గొణిగాడు. పదిహేనో నిమిషానికి లైట్లు తగ్గాయి. ఇరవై రెండో నిమిషంలో టక్‌మంది. కంప్రెసర్ ఆగిపోయింది, గాలి వెచ్చబడింది.

మీటరు తీశాడు. బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు, రాజాలా ఉంది. డాష్‌బోర్డు కింద ఏసీ కంట్రోలు పెట్టె దగ్గర తొమ్మిది. మధ్యలో అయిదు వోల్టులు ఎవడు మింగాడు? మీటరు ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొసను బండి రేకుకు ఆనించాడు. అక్కడ సున్నా చూపించాలి. అయిదు చూపించింది.

మేస్త్రి మొహం వెలిగిపోయింది. కోపంగా ఉన్నవాడి మొహం వెలిగితే చూడ్డానికి భయంగా ఉంటుంది.

"దొరికాడు దొంగ! చూడు చెల్లీ, బండిలో కరెంటు వైర్ల మీద వెళ్తుంది, రేకు మీదుగా తిరిగొస్తుంది. బ్యాటరీ మైనస్ ఇంజనుకే కట్టి ఉంది కనక, ఆ రేకును ఇంజనుకు కలుపుతూ వేలంత వెడల్పు రాగిపట్టీ ఒకటుంటుంది, ఎర్త్ పట్టీ. అది పోయింది. వెళ్లే దారి బాగుంది, తిరిగొచ్చే దారే లేదు. స్టార్టరు నేరుగా ఇంజను మీదే ఉంది కనక బండి ఎప్పుడూ ఒక్క సెల్ఫుకే లేస్తుంది. అందుకే ఎవడికీ అనుమానం రాలేదు. ఎర్త్ పట్టీ చూసుకోలేని వెధవలు కూడా మెకానిక్కులే!"

లోపల పిల్ల ఇంకో గీత గీసింది.

ఇంజను చల్లారాక బండిని జాకీల మీద ఎత్తి, స్టాండ్లు పెట్టి, కింద దూరాడు. గేర్‌బాక్సు పైన, చెయ్యి దూరని సందులో, టార్చి వేసి చూశాడు. రాగిపట్టీ ఉండాల్సిన చోట నూనెధార లాంటి సన్నటి నల్ల వైరు వేలాడుతోంది. అదీ ఒక ముక్క కాదు. రెండు ముక్కలు మధ్యలో అతికి టేపు చుట్టారు. టేపు కాలి బొగ్గయింది.

బండి కింది నుంచి మొదలైన తిట్లకు పంక్చర్ల షాపాయన రేడియో కట్టేశాడు. "ఎవడ్రా వీడు! చచ్చినోడు! వేలంత పట్టీ తీసేసి చెవిపోగంత వైరు వేస్తాడా? రెండు ఫ్యాన్ల కరెంటు దీని మీద నడవాలా? చల్లగా ఉన్నంతసేపు మోస్తుంది, వేడెక్కితే చేతులెత్తేస్తుంది! నీడలో పది నిమిషాలు చూసే సన్నాసులకి ఎట్లా దొరుకుతుంది? పసిపిల్లను ఎక్కించుకునే బండి ఇది! వీణ్ణి ఐసు మీద కాదు, నిప్పుల మీద పడుకోబెట్టాలి! వీడి చేతులు విరిగిపోను! వీడి షెడ్డు మూతపడను! ఒక్కసారి నా కంటపడనీ..."

అలా అంటూనే గోటితో టేపు గీకాడు. పొరలుగా ఊడింది. లోపల దారం. వేడికి గోధుమరంగు తిరిగిపోయింది కానీ ఒకప్పటి తెల్లదారమే. మేస్త్రి లెక్కపెట్టాడు. లెక్కపెట్టనక్కర్లేదు, అయినా లెక్కపెట్టాడు. ఏడు చుట్లు.

తిట్లు ఆగిపోయాయి. బయట వాళ్లకు పని కుదిరిందేమో అనిపించి ఉంటుంది.

అన్నీ గుర్తొచ్చాయి. రెండేళ్ల కిందట, ఆ భోజనాలకు ముందురోజు, క్లచ్ మార్చడానికి గేర్‌బాక్సు దింపింది తనే. పాతపట్టీ తుప్పుపట్టి చేతిలోనే విరిగింది. కొత్తపట్టీ ఎల్లుండికి గానీ దొరకదు, బండి ఆ సాయంత్రమే కావాలి. "ఇవాళ్టికి ఈ వైరు సరిపోతుంది. ఎల్లుండి తీసుకురా, పట్టీ వేస్తా" అనుకున్నాడు. చెల్లెలికి ఆ మాట చెప్పనైనా లేదు, మర్నాడు భోజనాల దగ్గర కలుస్తాం కదా, చెబుదాం అనుకున్నాడు. భోజనాల దగ్గర చెప్పింది ఇంకో మాట. మర్నాడు కొత్తపట్టీ వచ్చింది, గోడకున్న మేకుకు తగిలించాడు. ఇంకా అక్కడే ఉంది. రెండేళ్లుగా ప్రతి రోజూ దాని పక్కనుంచి నడుస్తున్నాడు, ఇది ఎవరి బండిదో అని ఒకటిరెండుసార్లు అనుకున్నాడు కూడా.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టుకోవలసిన ఈశ్వరుడూ తనే, దొంగా తనే. మేస్త్రి వెల్లకిలా పడుకుని బండి అడుగు చూస్తూ ఉండిపోయాడు. దారం సంగతి తనకు తప్ప ఎవరికీ తెలియదు. కటింగ్ ప్లేయరుతో వైరు ఇటొకసారి అటొకసారి కత్తిరించి, ఆ ముక్కను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అంత పని చేశాడు. సిగ్గు వేసింది, అయినా చేశాడు.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "దొరికింది. ఇంజను వెనక ఎర్త్ వైరు. ఎవడో పనికిమాలినవాడు వేశాడు. పట్టీ వేస్తే సరిపోతుంది" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా.

"ఎక్కడ? గేర్‌బాక్సు పైనా?" అన్నాడు దర్జీ.

"ఆఁ."

"అది కాదులే బావా. ఇంకోసారి చూడు." దర్జీ నెమ్మదిగా, తప్పు చెబుతున్నానేమో అన్నట్టు చెప్పాడు. "అది నీ జాయింటు. మొదటి మెకానిక్ టేపు విప్పబోతే తెల్లదారం కనపడింది. మళ్లీ చుట్టించేశా. ఆ తర్వాత వచ్చిన వాళ్లు కూడా దాని మీదే చెయ్యి పెట్టబోయారు. మూడోవాడైతే దాన్ని తీసి కొత్తది వేద్దామని పట్టుబట్టాడు. నేనే ఒప్పుకోలేదు. అది మా బావ చేతిపని, అక్కడ తప్పుండదు, మిగతావి చూడండి అన్నాను."

మేస్త్రికి చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. పదిహేనుమంది ఎదుట తాను కొంప తగలబెడతాడన్న మనిషి, నలుగురు మెకానిక్కుల ఎదుట తన పనికి కాపలా కాశాడు. ఆ కాపలా వల్లే పిల్ల ఐసు ముక్కల మీదికి చేరింది.

జేబులోంచి ముక్క తీసి దర్జీ చేతిలో పెట్టాడు. దర్జీ దాన్ని తిప్పి చూశాడు. దారం పని తెలిసినవాడికి ముడి ఎవరిదో చెప్పక్కర్లేదు.

"పనికిమాలినవాణ్ణి నేనే బావా" అన్నాడు మేస్త్రి. "రెండ్రోజుల్లో పట్టీ వేద్దామనుకున్నా. నీతో గొడవపడి, రావొద్దన్నా. పట్టీ అదిగో, ఆ మేకుకుంది. ఇప్పుడు కూడా దాచేద్దామనే జేబులో పెట్టుకున్నా."

చెల్లెలు మేకు వైపు చూసింది, మొగుడి చేతిలోని ముక్కను చూసింది, తర్వాత అన్నను చూసింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఆ సంగతి మేస్త్రికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"రెండేళ్లు" అంది. "రెండేళ్లు అది నీ గోడకుంది. ఒక్క ఫోను చెయ్యలేకపోయావా? నన్ను తిట్టుకుంటూనే చెయ్యొచ్చుగా. నీ మొహం చూడను, కానీ ఆ పట్టీ మాత్రం వేయించుకో అని ఒక్క ముక్క. నీ పంతం పోతుందనా? మంగళవారం దాని చెయ్యి నా చేతిలో కొయ్యబారిపోయింది. ఐసాయన పేరు కూడా అడగలేదు నేను. నీ ఏడు చుట్ల దారం ఏ గంగలో కలపాలో చెప్పు!"

మేస్త్రి తల వంచుకుని తిట్లు తిన్నాడు. ఆ వీధి పుట్టాక అది మొదటిసారి.

వెనక గది గడప మీద పిల్ల నిలబడి ఉంది, నోట్‌బుక్ పట్టుకుని. "మామయ్యా, బండి కింద నువ్వు తిట్టినవి పదకొండు. అవి ఎవరికని రాయను?"

"నాకే రాయి" అన్నాడు. "ఒక్కటీ వదలకు. అందులో పొద్దున్నవి కూడా కలుపు."

పిల్ల నిజంగానే కూర్చుని రాసుకుంది. ఆ పిల్లకు జాలి ఉన్నా లెక్కల్లో చూపించదు.

మేస్త్రి మేకు మీంచి పట్టీ తీశాడు. దుమ్ము దులిపి, కొసలు ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్దాడు. బండి కింద దూరి ఇంజను వైపు, రేకు వైపు తుప్పు గీకి, బోల్టులు బిగించాడు. అతుకు లేదు కాబట్టి దారంతో పని పడలేదు. బిగించాక రెండుసార్లు లాగి చూశాడు. ఇంకెప్పుడైనా అయితే అక్కడితో పని అయిపోయినట్టే, చేతులు దులుపుకుని బయటికొచ్చి తాళాలు ఇచ్చేవాడు.

బండిని ఎండలోకి తోలి, ఏసీ, ఫ్యాన్లు, లైట్లు అన్నీ వేసి దిగి, మీటరు దర్జీకి అందించాడు.

"నువ్వు చూడు."

"నేనెందుకు బావా? నువ్వు చేశావుగా."

"నేను చేశాననే చూడమంటున్నా!" అని అరిచాడు మేస్త్రి. ఆ అరుపులో పాత కోపమే ఉంది, అది తగిలే మనిషి మాత్రం ఈసారి తనే. "ఒక కొస బ్యాటరీ మైనస్‌కి పెట్టు. ఇంకో కొస రేకుకి. పది నిమిషాలు కాదు, గంటసేపు చూడు. నా చేతిపని అని చెప్పి ఇంకెప్పుడూ దేన్నీ వదిలెయ్యకు. నన్ను నమ్మకు. మీటరును నమ్ము."

దర్జీ ఎండలో నిలబడి మీటరు చూశాడు. ఇరవై నిమిషాలకు ముల్లు కదల్లేదు. నలభైకి కదల్లేదు. చెల్లెలు లోపల కూర్చుని థర్మామీటరు చూసింది. తొమ్మిది డిగ్రీలు, ఎనిమిది, ఎనిమిది. గంట దాటాక కూడా టక్ అనలేదు. అప్పుడు గానీ ఆమె పిల్లను పిలవలేదు.

పిల్ల ఎక్కి, మెడచుట్టూ ఉన్న తడిగుడ్డ తీసి కిటికీకి ఆరేసింది. "సోమవారం బడికేగా?" అంది తల్లితో.

"బడికే" అంది చెల్లెలు. గేరు వేసి, అద్దం ఎత్తబోయి ఆగింది. "వచ్చే శనివారం బండి తెస్తా. వారం వారం తెస్తా. అంతా విప్పి చూపించాలి, ఆయన మీటరు పెడతాడు. అంతవరకు నాతో మాట్లాడకు."

బండి కదిలింది. మేస్త్రి షెడ్డులోకి వెళ్లి, తెల్లదారం చుట్ట తీసి బల్ల మీద పెట్టి, దాని పక్కనే బండ్ల వాళ్ల నంబర్లున్న పాత చీటీల కట్ట విప్పాడు. ఇవాళ్టికి ఇది సరిపోతుంది, రేపు రమ్మని చెప్పి పంపిన బండ్లు ఇంకెన్ని ఉన్నాయో ఒక్కొక్కటే గుర్తుచేసుకుంటూ, మొదటి నంబరుకు ఫోను చేశాడు.